అభ్యంతరాల పేజీ దొరకలేదు

ఇజ్వోరెల్,
మార్చి మొదటి వారం

ఏమే స్మరాండా,

అక్క ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాసిందేమిటా అనుకుంటున్నావు కదూ. ఫోన్లో అయితే నేను రెండు మాటలు అనేలోపే "సరేలే ఒటీలియా, మీటింగుంది" అని పెట్టేస్తావు. కిందటిసారి అదే చేశావు. ఉత్తరానికి ఆ అవకాశం లేదు, చివరిదాకా చదవాల్సిందే.

మన ఊట పైనున్న కొండని క్వారీ కంపెనీ అడిగింది. రాయి కొట్టుకుంటారట, ఇరవై ఏళ్ళు. చర్చి తలుపుకి నోటీసు అంటించారు. అభ్యంతరం ఉన్నవాళ్ళు ఈస్టర్ లోపల జిల్లా పోర్టల్లో చెప్పుకోవాలట. కాగితం మీద రాసిస్తే తీసుకోరట. పక్క లోయలో ఇలాగే రాయి కొట్టారు, రెండేళ్ళకి వాళ్ళ ఊట ఎండిపోయింది. ఇప్పుడు ట్యాంకరొస్తే నీళ్ళు, రాకపోతే లేదు. నర్సుగా నెలకోసారి అక్కడికి వెళ్తాను. పసిపిల్లల ఒంటిమీద పొక్కులు చూసి వస్తాను. నాకెవరూ చెప్పక్కర్లేదు.

సరే, మేం చదువు రానివాళ్ళం కాదు. ఆరోగ్య కేంద్రంలో కంప్యూటర్ ఉంది. నోటీసులో ఉన్న చిరునామా కొట్టాను. ఏమొచ్చిందో తెలుసా? "పేజీ దొరకలేదు." మర్నాడు కొట్టినా అంతే. టీచరు ఇంట్లో కొట్టినా అంతే.

ఆ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఒక కంపెనీ పేరుంది. అది నువ్వు పనిచేసే కంపెనీ. మా నోరు నొక్కడానికి ఎంత తీసుకుంటున్నారే మీరు?

ఒటీలియా

*

తిమిషోవారా,
మార్చి

అక్కా,

పలకరింపు కూడా లేకుండా తిట్లతో మొదలుపెట్టావు, బాగుంది. నేనూ అలాగే మొదలుపెడతాను. మీ నోరు ఎవరూ నొక్కలేదు. నీ ఉత్తరం రాగానే ఆఫీసులో నా కంప్యూటర్లో ఆ పేజీ తెరిచాను. చక్కగా తెరుచుకుంది. ఫారం ఉంది, పేరు రాసే గడి ఉంది, పంపే బటను ఉంది. మీవాళ్ళు ఎక్కడో అక్షరం తప్పు కొడుతున్నారు.

"పేజీ దొరకలేదు" అంటే కుట్ర కాదే తల్లీ. మీ ఆరోగ్య కేంద్రం సంగతే తీసుకో. రోగి తలుపు దాటి లోపలికి వచ్చాడు. ఫలానా డాక్టరు కావాలన్నాడు. కిటికీ దగ్గర కూర్చున్నావిడ తన పట్టికలో ఆ పేరు లేదు కనక వెళ్ళిపొమ్మంది. డాక్టరు లోపల గదిలో ఖాళీగానే కూర్చుని ఉండొచ్చు. మా జావా అప్లికేషన్లోనూ అంతే. ఏ చిరునామా వస్తే ఏ కోడ్‌కి పంపాలో ఒక పట్టిక ఉంటుంది. దాన్ని మ్యాపింగ్ అంటాం. వచ్చిన చిరునామా అందులో ఉన్నదానితో పొల్లుపోకుండా కలవకపోతే "దొరకలేదు" అంటుంది. దానికి మీ మీద కోపం లేదు, క్వారీ కంపెనీ మీద ప్రేమా లేదు.

ఈసారి కొట్టేటప్పుడు ఏం కొట్టారో ఉన్నదున్నట్టు రాసి పంపు. "ఏదో కొట్టాం, రాలేదు" అంటే నేనేం చెయ్యను?

ఇంకో మాట. ఎంత తీసుకుంటున్నావని అడిగావు చూడు, ఆ మాట నాకు నచ్చలేదు.

స్మరాండ

*

ఇజ్వోరెల్,
మార్చి మూడో వారం

స్మరాండా,

అక్షరం తప్పు కొట్టామా? ముప్ఫై ఏళ్ళుగా మందుల పేర్లు రాస్తున్నదాన్ని నేను. ఒక్క అక్షరం తేడా వస్తే మనిషి పోతాడు. నాకు అక్షరాలు నేర్పుతున్నావా?

ఏం కొట్టామో రాసి పంపమన్నావు. ఇంకా మంచిది పంపుతున్నాను. చర్చి తలుపు మీదున్న నోటీసే చింపి ఈ కవర్లో పెట్టాను. ఫాదర్ చూసి, "ఉపవాసాల రోజుల్లో దొంగతనమా నర్సమ్మా!" అన్నాడు. "దేవుడికి అభ్యంతరం ఉంటే ఆయన్నీ పోర్టల్లో చెప్పుకోమనండి" అన్నాను. పాపం, నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళిపోయాడు.

నువ్వు చూసుకో. మేం కొట్టింది సరిగ్గా అదే. టీచరు చదువుతుంటే నేను కొట్టాను, తర్వాత నేను చదువుతుంటే ఆవిడ కొట్టింది.

నా మాట నచ్చలేదని రాశావు. నచ్చనవసరం లేదు. నిన్న క్వారీవాళ్ళు మన ఊట పక్కన ఎర్ర రంగు హద్దు మేకులు దిగ్గొట్టారు. నాకు అవీ నచ్చలేదు.

ఒటీలియా

*

తిమిషోవారా,
మార్చి చివర

అక్కా,

నువ్వే కరెక్టు. చదివావుగా, ఇంక ఊరంతా చెప్పుకోకు.

నీ నోటీసు వచ్చాక నా దారిన కాకుండా మీ దారిన మొదలుపెట్టాను. ముందు అప్లికేషన్ అసలు నడుస్తోందా అని చూశాను. నడుస్తోంది. "దొరకలేదు" అంటున్నది బయట కాపలా ఉన్న సర్వరా, లోపలి మా అప్లికేషనా? మాదే. అప్లికేషన్ మొదలయ్యేటప్పుడు తన పట్టిక మొత్తం లాగ్ అనే చిట్టాలో రాసుకుంటుంది. అందులో అభ్యంతరాల చిరునామా ఉందా? ఉంది. తలగోక్కున్నాను. అప్పుడు నీ నోటీసు పక్కన పెట్టుకుని, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, ఉన్నదున్నట్టు కొట్టాను. "పేజీ దొరకలేదు."

నోటీసులో చిరునామా చివర ఒక స్లాష్ గీత ఉంది. నేను రోజూ కొట్టేదాంట్లో అది లేదు. అంతే తేడా! ఇదివరకు గీత ఉన్నా లేకపోయినా రెండూ ఒకటేనని అప్లికేషన్‌కి పునాదిలాంటి మా పాత ఫ్రేమ్‌వర్క్ సర్దుకునేది. కిందటేడు చివర్లో మేం కొత్త వెర్షన్‌కి మారాం. కొత్తది సర్దుకోదు. గీత ఉన్నది వేరు, లేనిది వేరు అంటుంది. దాని పట్టికలో గీత లేనిదే ఉంది. మా వాళ్ళందరం గీత లేకుండానే పరీక్షించి "పనిచేస్తోంది" అనుకున్నాం. అందులో నేనూ ఉన్నాను.

బాగుచెయ్యడం ఒక్క లైను పని. రెండు చిరునామాలూ ఒకే కోడ్‌కి వెళ్ళేలా రాసేశాను. మళ్ళీ ఎవరూ పాడుచెయ్యకుండా ఒక పరీక్ష కూడా కలిపాను. మా మేనేజర్ హొరియా శుక్రవారం సర్వర్‌కి ఎక్కిద్దామన్నాడు. మీవాళ్ళని శనివారం రమ్మను.

గవ్రీల తాత ఉన్నాడా ఇంకా? నేను అడిగానని చెప్పు.

నీ చెల్లెలు

*

ఇజ్వోరెల్,
ఏప్రిల్

స్మరాండా,

ఉన్నాడు, నిక్షేపంగా ఉన్నాడు. ఆయన సంగతి రాయడానికే కూర్చున్నాను.

నువ్వు చెప్పిన శనివారం సగం ఊరు ఆరోగ్య కేంద్రానికి వచ్చింది. కొట్టాం. దొరకలేదు. "ఆలస్యమైందేమో, మా చెల్లెలు మాట తప్పదు" అన్నాను. తర్వాతి శనివారమూ అంతే. మేయరు గుమ్మంలో నించుని, "ఏం నర్సమ్మా, మీ చెల్లెలు పేజీని ఇంకా వెతుకుతోందా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏడవలేక.

అప్పుడు నీ ఉత్తరం గుర్తొచ్చి, చివరి గీత తీసేసి కొట్టాను. ఫారం వచ్చింది! గవ్రీల తాత "ముందు నేను" అని కూర్చున్నాడు. నలభై ఏళ్ళు ఆ కొండమీది అడవికి కాపలా కాసినవాడు. ఒక్క వేలుతో కొట్టాడు. ఏ చెట్టు కింద నీరు ఎటు పారుతుందో, ఏ ఏడు కొండ జారిందో, ఎలుగుబంట్లు ఎక్కడ పడుకుంటాయో అన్నీ రాశాడు. నేను కొడతానన్నా ఒప్పుకోలేదు. మధ్యాహ్నం మామలీగ సంకటి కూడా కంప్యూటర్ ముందే తిన్నాడు. చివరికి సిలువ గుర్తు వేసుకుని "పంపు" నొక్కాడు.

పేజీ దొరకలేదు.

రాసిందంతా పోయింది.  ముసలాయన నావైపు తిరిగి, "ఇది నన్ను బయటికి గెంటింది ఒటీలియా. నా అడవి గురించి నేను మాట్లాడితే గెంటింది" అన్నాడు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు చెప్పు. ఒక్క లైను అన్నావు. శుక్రవారం అన్నావు. ఆ తర్వాత నీ నుంచి వచ్చింది ఒక్క కార్డు, అందులో వాతావరణం గురించి రాశావు. నువ్వు వాతావరణం గురించి రాశావంటే ఏదో దాస్తున్నావు. ఏమిటది?

ఒటీలియా

*

తిమిషోవారా,
ఏప్రిల్

అక్కా,

గవ్రీల తాత మాట చదివాక ఆఫీసులో కూర్చోలేకపోయాను. నది ఒడ్డున తిరిగొచ్చి రాస్తున్నాను.

ఫారం తెరుచుకున్నా పంపేటప్పుడు మళ్ళీ గీత ఉన్న చిరునామాకే వెళ్తుంది. అందుకే పోయింది. నేను రాసిన మార్పు రెండింటినీ సరిచేస్తుంది. అది సిద్ధంగా ఉంది. ఎక్కించనివ్వడం లేదు.

ఆ శుక్రవారం హొరియా నన్ను గదిలోకి పిలిచాడు.

"ఈస్టర్ అయ్యేదాకా ఆ పోర్టల్ జోలికి పోవద్దు" అన్నాడు.

"ఒక్క లైను, హొరియా."

"అర లైనైనా వద్దు. క్లయింటు జిల్లా ఆఫీసు నుంచి ఫోన్ చేశాడు. వాళ్ళకేం తొందర లేదట."

"తొందర వాళ్ళకెందుకుంటుంది? జనానికి ఉంది."

"జనం మన క్లయింటు కాదు."

"అయితే ఆ మాటే మెయిల్లో రాసివ్వు. బాగుచెయ్యొద్దని చెప్పారని."

నవ్వాడు. "నువ్వు తెలివైనదానివి, ఇలాంటివి ఎవరూ రాయరని నీకు తెలుసు" అన్నాడు. ఆగి, "మీ అక్క ఉండేది అక్కడేగా? అంటే నీకిందులో సొంత వ్యవహారం ఉంది. నిన్ను ఆ పని నుంచి తప్పిస్తే తప్పుపట్టేవాళ్ళు లేరు. పనిలోంచే తప్పించినా అంతే" అన్నాడు.

అదీ నేను దాచింది. నీకు చెబితే వెంటనే "మాకోసం వద్దు, మానెయ్" అంటావనో, "బాగుచెయ్" అంటావనో భయం. రెండిట్లో ఏదన్నా నేను వినేదాన్ని. నువ్వు చెబితే చేశానని అవ్వకూడదు.

దొంగతనంగా ఎక్కించగలను, దారి తెలుసు. అలా చెయ్యను. చేస్తే తప్పు చేసినట్టవుతుంది, వాళ్ళకి కావలసిందీ అదే. చేసేదేదో అందరి ముందు, నా పేరుతో చేస్తాను. ఎలా అన్నది ఇంకా తెలియదు.

ఈ వారం నన్నేమీ అడక్కు.

స్మరాండ

*

ఇజ్వోరెల్,
ఏప్రిల్

చెల్లీ,

అడగను. నా సంగతులే చెబుతాను.

సోమవారం బస్సు మాట్లాడుకుని జిల్లా ఆఫీసుకి వెళ్ళాం. అందరం అభ్యంతరాలు కాగితాల మీద రాసుకుని వెళ్ళాం. గవ్రీల తాత మళ్ళీ మొదటి నుంచీ రాశాడు, ఈసారి ఇంకా పెద్దది. కిటికీలో కూర్చున్న అమ్మాయి "కాగితాలు తీసుకోం, పోర్టల్లో పెట్టండి" అంది. "పోర్టల్ పనిచెయ్యడం లేదు" అన్నాం. "పనిచెయ్యడం లేదని ఫిర్యాదు కూడా పోర్టల్లోనే పెట్టాలి" అంది.

టీచరు నవ్వేసింది. ఆ అమ్మాయికీ నవ్వొచ్చింది, కానీ కాగితాలు ముట్టుకోలేదు.

అప్పుడు మేం వరండాలో కూర్చున్నాం. కింద నేల మీదే. తెచ్చుకున్న రొట్టె, ఉల్లిపాయలు, ఆలివ్‌లు విప్పి తిన్నాం. ఒకాయన వచ్చి "ఇక్కడ కూర్చోకూడదు" అన్నాడు. "ఎక్కడ రాసుంది? పేజీ చూపించండి" అన్నాను. ఆఫీసు మూసేదాకా కదల్లేదు. రేపు మళ్ళీ వెళ్తాం, ఎల్లుండీ వెళ్తాం.

నువ్వు దాచింది చెప్పావు కనక నేనూ చెబుతాను. మేయరు ఫిబ్రవరిలోనే నన్ను పిలిపించాడు. "కొండ మాటెత్తితే ఆరోగ్య కేంద్రానికి నిధులు కష్టం, నర్సు పోస్టే పోవచ్చు" అన్నాడు. నీకు రాయలేదు. రాస్తే నాకోసం భయపడి ఆ పేజీ వదిలెయ్యమనేదానివి. వదిలే ఉద్దేశం నాకు లేదు.

మొదటి ఉత్తరంలో ఎంత తీసుకుంటున్నారని అడిగాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నీ ఉద్యోగం నీది. మాకోసం పోగొట్టుకోకు. నిలబెట్టుకున్నా నిన్ను ఒక్క మాట అనను.

అక్క

*

తిమిషోవారా,
ఈస్టర్ ముందు వారం

అక్కా,

పోయింది ఉద్యోగం. కంగారుపడకు, ముందు ఎలా పోయిందో విను. ఆ ముచ్చట నీకు నచ్చుతుంది.

మంగళవారం క్లయింటుతో నెలవారీ సమావేశం. జిల్లా ఆఫీసు నుంచి టై కట్టుకుని ఒకాయన వచ్చాడు. హొరియా తెర మీద అన్నీ పచ్చరంగులో చూపించాడు. అంతా బాగుంది, అంతా సక్రమం. చివర్లో ఆనవాయితీగా "ఎవరికైనా ఏమైనా ఉందా?" అన్నాడు.

నేను లేచాను. "అభ్యంతరాల పేజీ దొరకడం లేదు. ఎందుకో కనుక్కున్నాను. మందు సిద్ధంగా ఉంది, వెయ్యొద్దంటున్నారు" అన్నాను.

టై ఆయన చిరునవ్వు నవ్వాడు. "సాంకేతిక లోపాలు సహజం కదండీ. ఎవరి చేతుల్లోనూ ఉండవు."

"ఇది నా చేతుల్లో ఉంది" అన్నాను. ల్యాప్‌టాప్ తెర మీదికి కలిపాను. నోటీసులో ఉన్న చిరునామా కొట్టాను. గోడంత అక్షరాలతో వచ్చింది: పేజీ దొరకలేదు. "ఇన్నాళ్ళూ ఇది లోపం. తెలిసీ బాగుచెయ్యకపోతే దీని పేరు వేరు" అన్నాను.

హొరియా "స్మరాండా, కూర్చో" అన్నాడు. నేను కూర్చోలేదు.

మా దగ్గర ఏ మార్పయినా రెండో మనిషి ఒప్పుకుంటేనే సర్వర్ ఎక్కుతుంది. నా మార్పు ఒప్పుకోలు కోసం వారాల తరబడి ఎదురుచూస్తోంది. ఆ గదిలో నాతోపాటు పనిచేసే తిబెరియు ఉన్నాడు. నోట్లో నాలుక లేనివాడు. ఇద్దరు కవల పిల్లలు, ఇంటి అప్పు. నేను వాడివైపు చూడనైనా లేదక్కా, ప్రమాణం. వాడే తన కంప్యూటర్ దగ్గరికి లాక్కున్నాడు. "నేను చదివాను, సరిగ్గానే ఉంది" అని నొక్కేశాడు.  కాసేపాగి తెర మీద పేజీ మళ్ళీ తెరిచాను. ఫారం వచ్చింది. నా పేరుతో ఒక అభ్యంతరం రాసి పంపాను, అందరూ చూస్తుండగా. "అందింది" అంది.

టై ఆయన కాగితాలు సర్దుకున్నాడు. హొరియా నన్ను ఆ సాయంత్రమే పంపేశాడు. తిబెరియుని ఏమీ అనలేదు. ఇద్దరినీ తీసేస్తే ఆ కోడ్ తెలిసినవాడు మిగలడు మరి.

ఇంకా ఒకటి చేశాను. పేజీ ఎప్పటి నుంచి పనిచెయ్యలేదో, ఎందుకో, ఎవరు ఆపమన్నారో అన్నీ రాసి, నా పేరు, నా చిరునామా, నా సంతకం పెట్టి జిల్లా పై అధికారి ప్రిఫెక్టుకి పంపాను. గడువు మళ్ళీ మొదటి నుంచి లెక్కించాలని అడిగాను. విచారణకి పిలిస్తే వచ్చి చెబుతానని రాశాను. పరువునష్టం అంటూ పాత కంపెనీ లాయరు నోటీసు ఇవాళ ఉదయమే వచ్చింది. ఫ్రిజ్ మీద అంటించాను.

గవ్రీల తాతకి చెప్పు. ఈసారి గెంటదు.

స్మరాండ

*

ఇజ్వోరెల్,
జూన్

చెల్లీ,

నువ్వు విచారణలో నీ మాట చెప్పడం అవ్వగానే రైలు అందుకోవాలని పరిగెత్తావు. తర్వాత జరిగింది నీకు తెలియదు. అందుకే రాస్తున్నాను.

నువ్వు మాట్లాడేటప్పుడు క్వారీవాళ్ళ లాయరు "ఈమె ఉద్యోగం పోయిన కోపంతో మాట్లాడుతోంది" అన్నాడు చూడు. దానికి నువ్వు "కోపంతోనే మాట్లాడుతున్నాను. అబద్ధం ఎక్కడుందో చూపించండి" అన్నావు. ఆ మాట ఇప్పుడు ఊళ్ళో అందరి నోళ్ళలోనూ ఉంది. మొన్న పాలు విరిగాయని దుకాణంలో గొడవైతే, అక్కడ కూడా ఎవరో ఇదే అన్నారు.

నువ్వు వెళ్ళాక గవ్రీల తాత లేచాడు. గడువు పొడిగించాక పోర్టల్లో పెట్టింది చాలదన్నట్టు మొత్తం నోటితో చెప్పాడు. విచారణ కమిషన్ అధ్యక్షురాలు మధ్యలో ఆపబోయింది. "అమ్మా, యంత్రం ఒకసారి ఆపింది. నువ్వూ ఆపుతావా?" అన్నాడు. ఆవిడ పెన్ను కింద పెట్టి విన్నది. నీరు ఎటు పారుతుందని అడిగి మ్యాపు మీద గుర్తు పెట్టించుకుంది.

నిర్ణయం నిన్న వచ్చింది. అనుమతి ఇవ్వలేదు. ఊట మీద ప్రభావం గురించి కంపెనీ చూపించిన లెక్కలు చాలవన్నారు. మేకులు పీకేశారు. మీ టై ఆయన్ని వేరే విభాగానికి మార్చారట, అది శిక్షో బహుమతో నాకు తెలియదు. కంపెనీ కొత్త లెక్కలతో మళ్ళీ వస్తుందట. రానీ. మేం ఇప్పుడు ఏం అడగాలో నేర్చుకున్నాం.

నువ్వు కొత్త ఉద్యోగం దొరికిందని రాశావు, జీతం తక్కువన్నావు. తిబెరియు కూడా అక్కడికే వస్తానంటున్నాడన్నావు. ఇద్దరూ ఆగస్టులో రండి. కవలల్ని తీసుకురమ్మను, ఊట నీళ్ళలో ఆడుకుంటారు.

ఇంకో సంగతి. నా పోస్టు పోలేదు. నిన్న సాయంత్రం మేయరు మా ఇంటికి వచ్చాడు. నేను చెర్రీల గింజలు తీస్తున్నాను. కుర్చీ వెయ్యకపోయినా కూర్చున్నాడు.

"ఒటీలియా, జరిగిందేదో జరిగింది. శరత్కాలంలో ఎన్నికలున్నాయి. నువ్వు నాకు ఎదురు ప్రచారం చెయ్యవని మాటిస్తే, ఆరోగ్య కేంద్రానికి కొత్త పైకప్పు వేయిస్తాను" అన్నాడు.

"ప్రచారం చెయ్యను" అన్నాను.

మొహం వెలిగిపోయింది. "నాకు తెలుసు నువ్వు మంచిదానివని."

"నీకు ఎదురు ప్రచారం చెయ్యడానికి నాకు తీరికెక్కడిది?" అన్నాను. "పొద్దున్నే వెళ్ళి మేయరు పోటీకి నా పేరే ఇచ్చొచ్చాను. కప్పు నేనే వేయిస్తాను."

గిన్నెలోంచి ఒక చెర్రీ తీసుకోబోయిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. గిన్నె ఆయన ముందుకి జరిపాను.

"తిను, తిను. ఈ ఏడు బాగా కాశాయి."

ఒటీలియా